వాత పెట్టే చేతికి ఒక రూలు రాయండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య, పురపాలక శాఖల అధికారులకు,
టాటూ స్టూడియోలు నడుపుతున్న తోటి కళాకారులకు,

నమస్కారం.

నేను పదకొండేళ్లుగా టాటూలు వేస్తున్నాను. ఒక జిల్లా కేంద్రంలో, బస్టాండుకు దగ్గర్లో, మేడ మీద చిన్న స్టూడియో నాది. టాటూకూ, ఒంటి మీద వాతలు, కోతలతో బొమ్మలు వేసే పనికీ రూలు రాయండని గత ఏడాది మూడుసార్లు అర్జీ ఇచ్చాను. రెండుసార్లు సోమవారం అర్జీల రోజున క్యూలో నిలబడ్డాను. మొదటిసారి రసీదు చేతిలో పెట్టారు. రెండోసారి "ఇది మా సెక్షన్ కాదు, ఆరోగ్యం వాళ్లను అడగండి" అన్నారు. అక్కడికి వెళ్తే "మీకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చింది మేం కాదుగా" అన్నారు. మూడోది రిజిస్టర్ పోస్టులో పంపాను. సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చింది, జవాబు మాత్రం రాలేదు. ఆ ట్రేడ్ లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. అందులో నేను బ్యూటీ పార్లర్‌ని. సూదితో చర్మం కింద రంగు ఎక్కించే నాకూ, పక్క వీధిలో కనుబొమలు తీర్చే అక్కకూ కాగితం మీద తేడా లేదు.

విషయం ఇది. స్టూడియోలకు వచ్చే కుర్రాళ్లు ఇప్పుడు ఇంకు లేని టాటూ అడుగుతున్నారు. ఇంగ్లిష్‌లో బ్రాండింగ్, స్కారిఫికేషన్ అంటారు. మన మాటల్లో మొదటిది వాత, రెండోది కోత. ఎర్రగా కాల్చిన ఉక్కు రేకు ముక్కనో, కరెంటుతో వేడెక్కే కాటరీ పెన్నునో చర్మానికి తాకించి, ఆ పుండు మానాక మిగిలే మచ్చతో బొమ్మ తేవడం బ్రాండింగ్. సర్జికల్ బ్లేడుతో గీతలు కోసి, ఒక్కోసారి గీతల మధ్య తోలు కూడా ఒలిచి, ఆ మచ్చలతో బొమ్మ తేవడం స్కారిఫికేషన్. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంటుంది. మానిన తర్వాత తీసిన ఫొటో కదా. మధ్యలో చీము, రసి, దురద, నిద్ర పట్టని రాత్రులు ఆ ఫొటోలో పడవు.

ఇది కళ కాదని నేను అనను. పపువా న్యూగినీలో సెపిక్ నది ఒడ్డున మగపిల్లలకు వీపు, ఛాతీ నిండా మొసలి చర్మంలా కోతలు పెడతారు. అక్కడి ఇయాట్ముల్ జనంలో కోత కోసేటప్పుడు కుర్రాణ్ణి పట్టుకుని కూర్చునేది వాడి మేనమామ. మన ఇళ్లలో చెవులు కుట్టించేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టినట్టే. ఆ తర్వాత వారాల తరబడి పెద్దలు ఆ పుండ్లను కనిపెట్టుకుని ఉంటారు. దక్షిణ సూడాన్‌లో నూయర్ తెగవాళ్ల నుదుటి మీద ఆరు గీతలకూ అలాంటి కట్టుబాటే ఉంది.

వాత మనకూ కొత్త కాదు. శ్రీవైష్ణవుల సమాశ్రయణంలో వేడి చేసిన చక్రం ముద్ర కుడి భుజానికి, శంఖం ముద్ర ఎడమ భుజానికి వేస్తారు. మాధ్వులకు తొలి ఏకాదశి నాడు తప్తముద్ర ఉంది. దేవుడి పేరు మీద అచ్చు వేసి వదిలేసిన ఎద్దు నుంచే 'అచ్చోసిన ఆంబోతు' అనే తిట్టు పుట్టింది. మా అమ్మమ్మ చేతి మీద తిరునాళ్లలో పొడిపించుకున్న పచ్చబొట్టు ఆమెతోనే కాటికి వెళ్లింది. వీటన్నిటిలోనూ ఎవరు వేయాలి, ఎక్కడ వేయాలి, ఎంతసేపు తాకించాలి అన్నది తరాలుగా ఎవరో ఒకరికి తెలుసు. ఇప్పుడు స్టూడియోలకు వచ్చే కుర్రాడు శనివారం సాయంత్రం వాత పెట్టించుకుని సోమవారం పొద్దున్నే బైకెక్కి కాలేజీకి పోవాలి.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత చెప్పి నవ్వేయొచ్చు. నక్కను చూసి నవ్వడం తేలికే. ఆ వాత పెట్టినవాడెవడు, వాడికి ఏం తెలుసు అని సామెత అడగదు. నేను అడుగుతున్నది అదే.

పని తెలిసినవాళ్లు ఎలా చేస్తారో కాస్త చెప్పనివ్వండి, లేకపోతే రూలు ఎందుకో అర్థం కాదు. పశువుకు వేసినట్టు పెద్ద అచ్చు ఒకటి కాల్చి మనిషికి అదిమితే బొమ్మ రాదు. ఒళ్లు బల్లపరుపుగా ఉండదు కాబట్టి అచ్చు ఒకచోట లోతుగా, ఇంకోచోట పైపైన కాలుతుంది. అందుకని బొమ్మను చిన్న చిన్న గీతలుగా విడగొట్టి, ఒక్కో రేకు ముక్కను విడిగా కాల్చి, క్షణం పాటు తాకించి తీసేస్తారు. మానిన గీత రేకు మందం కంటే ఎన్నో రెట్లు వెడల్పవుతుంది, కాబట్టి దగ్గర దగ్గరగా వేసిన గీతలు చివరికి ఒకటే ముద్ద. చిన్న గుండ్రం పూర్తిగా చుట్టేస్తే లోపలి చర్మానికి రక్తం అందక అదీ చచ్చిపోవచ్చు. ఒళ్లు కాలిన పొగ పీల్చకూడదు, గాలి బయటికి పోయే దారి ఉండాలి. నిప్పులో కాల్చిన ఇనుముకు క్రిములుండవు కాబట్టి వాత సేఫ్ అని చాలామంది అంటారు. ఇనుముకు ఉండవు, నిజమే. వారాల తరబడి తెరుచుకుని ఉండే పుండుకు ఆ మాట వర్తించదు.

ఇదంతా చదివి, చూసి తెలుసుకున్నాను. నన్ను కూర్చోబెట్టి నేర్పినవాళ్లు లేరు. అందుకే నేను వాతలు పెట్టను, కోతలు కోయను. పెట్టేవాళ్లలో కొందరికి ఈ నాలుగు ముక్కలు కూడా తెలియవు.

రెండేళ్ల కింద డిగ్రీ రెండో ఏడు చదివే ఒక అబ్బాయి వచ్చాడు. ఛాతీ మధ్యలో వాళ్లమ్మ పేరు మొదటి అక్షరం, దానికి రెండు రెక్కలు, బ్రాండింగ్‌లో కావాలన్నాడు. వాడి చెవి తమ్మెకు పోగు కుట్టించుకున్న చోట శనగగింజంత గడ్డ ఉంది. అది గాయం మానాక కూడా పెరిగే మచ్చ, కెలాయిడ్ అని, నీ ఒంటికి ఆ గుణం ఉందని, ఛాతీ మధ్య దానికి అన్నిటికంటే చెడ్డ చోటని చెప్పి పంపించేశాను. ఇంకో ఊళ్లో ఎవరో పెట్టారు. నాలుగు నెలల తర్వాత షర్టు గుండీలు విప్పి చూపించాడు. అక్షరం లేదు, రెక్కలు లేవు. రబ్బరు బద్దలా ఎత్తుగా, ఎర్రగా, అంచులు దాటి పక్కకు పాకుతున్న మచ్చ ఒకటే ఉంది. డాక్టరుకు మొదట వేడి నూనె పడిందని చెప్పాడట. "నూనె ఇంగ్లిష్ అక్షరంలా పడదు బాబూ" అన్నాడట ఆయన. అమ్మ పేరు మీద పెట్టించుకున్నది అమ్మకే కనపడకుండా ఎండాకాలంలో కూడా ఇంట్లో బనియన్ మీద షర్టు వేసుకుని పడుకుంటున్నాడు.

ఆ పిల్లాడిది తప్పు కాదా అంటే, ఉంది. కానీ వాడికి పందొమ్మిదేళ్లు. వాత పెట్టినవాడికి ముప్పై దాటాయి.

మామూలు జనం మీద దీని భారం ఎలా పడుతోందో చెప్తాను.

1. మన చర్మం. కెలాయిడ్ అంటే గాయం మానాక కూడా మచ్చ పెరగడం ఆపకపోవడం, అసలు గాయం హద్దు దాటి పోవడం. నల్లని, చామనఛాయ చర్మాల్లో ఇది ఎక్కువ. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో ఎక్కువ. ఛాతీ, భుజాలు, చెవి తమ్మెలు, దవడ అంచు దీనికి ఇష్టమైన చోట్లు. అంటే మన దగ్గరికి వచ్చే కుర్రాళ్ల రంగు, వాళ్ల వయసు, వాళ్లు అడిగే చోట్లు, మూడూ దానికే సరిపోతాయి. ఉత్తగా కోసి తీసేస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది, ముందటి కంటే పెద్దదై. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొన్ని వారాలకొకటి చొప్పున నెలల తరబడి మచ్చలోకే ఇస్తారు. అవి ఎంత నొప్పో ఆ అబ్బాయిని అడగండి. టాటూ నచ్చకపోతే లేజర్‌తో చాలావరకు పలచబరచొచ్చు. వాతను చెరిపే లేజర్ లేదు.

2. రక్తం. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఆ వైరస్ ఉన్న రక్తం అంటిన సూది టీకా వేసుకోని మనిషికి గుచ్చుకుంటే నూటికి 30 మంది దాకా సోకే వీలుంది. హెచ్‌ఐవీకి అది వెయ్యికి మూడు. అందరికీ ఎయిడ్స్ అంటే భయం, కామెర్ల వైరస్ అంటే లెక్కలేదు. సూది గుచ్చుకుంటేనే ఇంత ఉంటే, కోతలో బ్లేడు రక్తంలో మునిగి తేలుతుంది. బ్లేడు ఒకరికి ఒకటే వాడి పారేయాలి. పట్టుకునే హ్యాండిల్‌ను స్పిరిట్‌తో తుడిస్తే చాలదు, ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, 121 డిగ్రీల ఆవిరిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో కనీసం పావుగంట ఉంచాలి. ఆటోక్లేవ్ లేని స్టూడియోలు నేను చూశాను. ప్రెషర్ కుక్కర్‌లో పెడుతున్నామని చెప్పినవాళ్లు, మిగతావాళ్ల కంటే నయం.

3. ఉద్యోగం. మా జిల్లాలో పొద్దున ఐదింటికి గ్రౌండులో పరుగెత్తే పిల్లల్లో సగం మంది కానిస్టేబుల్, ఆర్మీ, సీఐఎస్‌ఎఫ్ కలల మీదే ఉంటారు. కేంద్ర బలగాల వైద్య పరీక్షలో పచ్చబొట్టుకు కొలతలున్నాయి: ఎడమ ముంజేయి లోపలి వైపు, లేదా అరచేతి వెనక. ఎడమ చేయే ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడి చేత్తో. సైజు ఆ భాగంలో నాలుగో వంతు దాటకూడదు. పచ్చబొట్టుకే ఇన్ని ఉంటే కుడి చేతి మీద ఉబ్బిన వాతను చూసి డాక్టరు ఏమంటాడో ఆ పిల్లలకు ముందే చెప్పేవాళ్లు ఉండొద్దా? డబ్బు తీసుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న "ఏ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నావు?" అని.

4. రక్తదానం. రక్తదాతల ఎంపికపై 2017లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో టాటూ, స్కారిఫికేషన్ చేయించుకున్నవాళ్లు 12 నెలలు ఆగాలని ఉంది. అంటే ఇలాంటి పని ఒకటుందని రక్తనిధి కేంద్రాలకు తెలుసు. లైసెన్సు ఇచ్చే కిటికీకే తెలియదు.

5. దాచుకోవడం. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. కాలిన గాయంతో పెద్దాసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందని భయం, ఇంట్లో తెలుస్తుందని భయం. దాంతో పుండు చీము పట్టినా మెడికల్ షాపులో ఏదో ట్యూబు కొనుక్కుని రాసుకుంటారు, పసుపు అద్దుతారు, టూత్‌పేస్టు కూడా పూస్తారు. పిక్క మీద వాత చీము పట్టి జ్వరంతో వచ్చిన ఒకమ్మాయి "అన్నా, సైలెన్సర్ కాలిందని చెప్పనా?" అని నన్నే అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా అని ఆటో ఎక్కించాను. చెప్పిందో లేదో నాకు తెలియదు.

6. మైనర్లు. ఇంటర్ పిల్లలు వస్తున్నారు. ఆధార్ అడిగితే వెళ్లిపోతారు, అడగనివాడు దొరికేదాకా తిరుగుతారు.

ఇక చట్టం. 2024 డిసెంబర్‌లో తమిళనాడు తిరుచిరాపల్లిలో ఒక టాటూ స్టూడియోలో నాలుక చీల్చే ఆపరేషన్లు చేస్తున్నారని ఇద్దరిని అరెస్టు చేసి, షాపుకు సీలు వేశారు. డాక్టరు చేయాల్సిన పని డాక్టరు కానివాడు చేస్తే ఆపాల్సిందే. కానీ అప్పటిదాకా ఆ షాపులోకి ఏ ఇన్‌స్పెక్టరూ ఎందుకు వెళ్లలేదు? వెళ్లి తనిఖీ చేయడానికి ఆయన చేతిలో ఉన్న రూలేమిటి? మన దగ్గర వరస ఇంతే. మొదట ఎవరూ చూడరు, తర్వాత ఏకంగా సీలు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ ప్రకారం, 18 దాటిన మనిషి ఒప్పుకుంటే జరిగిన హాని నేరం కాదు, అది ప్రాణం తీసేదో, తీవ్ర గాయమో కానంతవరకు. తీవ్ర గాయం ఏదో 116వ సెక్షన్ చెప్తుంది. తల, ముఖం శాశ్వతంగా వికారమైతే తీవ్ర గాయమే. 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పి పెట్టినా, మనిషి తన పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టం ఐపీసీలో అది 20 రోజులు. మరి మూడు వారాలు సలిపే వాత ఏ లెక్కలోకి వస్తుంది? మా లాయరు గారు నవ్వి "కేసైతే తెలుస్తుంది" అన్నారు.

ఇంగ్లండ్‌లోనూ ఈ తిప్పలు పడ్డారు. భార్య అడిగిందని ఆమె పిరుదుల మీద వేడి కత్తితో తన పేరు పొడి అక్షరాలు వేసిన భర్తను దోషి అన్న తీర్పును 1996లో అప్పీలు కోర్టు కొట్టేసింది, ఇది టాటూ లాంటిదే కదా అని. 2018లో అదే కోర్టు, కస్టమర్లు ఒప్పుకున్నాకే ఒకరి చెవి తీసేసి, ఇంకొకరి నాలుక చీల్చిన వుల్వర్‌హాంప్టన్ కళాకారుడికి ఆ ఒప్పుకోలు రక్షణ కాదని చెప్పింది. మరుసటి ఏడు అతనికి 40 నెలల జైలు పడింది. గీత ఎక్కడ గీయాలో వాళ్లు కోర్టుల్లో వెతుక్కున్నారు. మనం ముందే కాగితం మీద గీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో 2008 నుంచి టాటూ వేసేవాళ్లు 21 గంటల పరిశుభ్రత శిక్షణ తీసుకోవాల్సిందే. వేల్స్‌లో 2024 నవంబర్ నుంచి టాటూకు, ఒంటికి పోగులు కుట్టే పియర్సింగ్‌కు లైసెన్సు తప్పనిసరి. మన పక్కనే కర్ణాటకలో 2025లో టాటూ ఇంకుల నమూనాల్లో 22 రకాల లోహాలు కనిపించాయని ఆ రాష్ట్ర ఆరోగ్య మంత్రే చెప్పారు, ఇంకుకు చట్టం చేయమని కేంద్రాన్ని అడుగుతామన్నారు. మన దగ్గర ఇంకు గురించే అడిగే దిక్కు లేదు.

నిషేధించండి అని నేను అడగడం లేదు. నిషేధిస్తే ఏమవుతుందో నేను చూసినవాటిలోనే ఉంది. రెండు వాతలు స్టూడియోలో పెట్టినవి కావు, హాస్టల్ గదిలో గ్యాస్ స్టవ్ మీద స్పూను కాల్చి స్నేహితులే పెట్టుకున్నవి. తలుపు వేసేస్తే జనం ఆ గదిలోకే పోతారు.

నేను అడుగుతున్నవి ఇవి:

1. టాటూ, పియర్సింగ్, బ్రాండింగ్, స్కారిఫికేషన్ పనులకు బ్యూటీ పార్లర్‌తో కలపకుండా విడిగా లైసెన్సు పెట్టండి. అది షాపుకు ఒకటి, చేసే మనిషికి ఒకటి ఉండాలి. షాపు బాగున్నంత మాత్రాన చేయి మంచిదని కాదు.

2. వాత, కోత 18 నిండనివాళ్లకు ఏ పరిస్థితిలోనూ వద్దు, అమ్మానాన్న పక్కనుండి సంతకం పెట్టినా సరే. వయసు రుజువు నకలు షాపులో ఉండాలి.

3. ముఖం, మెడ, అరచేయి, మర్మాంగాల మీద వాత, కోత నిషేధం. మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం, నాలుక చీల్చడం, ఏ అవయవమైనా తీసేయడం డాక్టరు కానివాడు చేస్తే నేరమని సూటిగా రాయండి. తిరుచిరాపల్లి లాంటిది జరిగాక వెతుక్కోనక్కర్లేదు.

4. వాత, కోత అడిగిన రోజే చేయకూడదు. కనీసం 15 రోజుల గడువు ఉండాలి. ఆ లోపు పాత మచ్చలు, చెవి కుట్లు చూసి కెలాయిడ్ గుణం ఉందేమో, షుగర్ ఉందేమో రాసుకోవాలి. సగం మంది ఆ గడువులోనే మనసు మార్చుకుంటారు. మా కళాకారుల వ్యాపారానికి నష్టమే, అయినా అడుగుతున్నాను.

5. అంగీకార పత్రం తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. అందులో మూడు మాటలు పెద్ద అక్షరాల్లో వేయించండి: ఇది చెరగదు, మచ్చ మీరు అనుకున్నట్టు రాకపోవచ్చు, కేంద్ర బలగాల ఉద్యోగాల్లో ఇబ్బంది కావచ్చు.

6. జిల్లా ఆసుపత్రుల్లో ఏడాదికి రెండుసార్లు మాకు శిక్షణ పెట్టండి: రక్తంతో వచ్చే జబ్బులు, ఆటోక్లేవ్ వాడకం, కాలిన గాయానికి ప్రథమ చికిత్స. ఫీజు మేమే కట్టుకుంటాం. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేసుకున్నట్టు రుజువు లేనివాడికి లైసెన్సు ఇవ్వకండి. వాడిన సూదులు, బ్లేడ్లు చెత్తబండిలో పడకుండా ఆసుపత్రి వ్యర్థాలతో పాటు తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. ఇప్పుడు అవి ఎవరి చేతికి గుచ్చుకుంటున్నాయో తెలుసా? చెత్త వేరు చేసే ఆడవాళ్లకు.

7. ఇష్టపడి పెట్టించుకున్న వాతతో వచ్చిన 18 దాటినవాళ్లకు ముందు వైద్యం చేయమని, ప్రశ్నలు తర్వాత అడగమని ప్రభుత్వాసుపత్రులకు ఒక సర్క్యులర్ పంపండి. ఎవరైనా బలవంతంగా పెట్టారేమో అని విడిగా అడగడం మాత్రం మానొద్దు. కామెర్లకూ నిమ్ముకూ పసిపిల్లలకు పెట్టే వాతలను దీనితో కలపొద్దు. అది కళ కాదు, అక్కడ ఒప్పుకునే మనిషి లేడు. దాని మీద ఇంకా గట్టిగా ఉండండి.

తోటి కళాకారులకు రెండు మాటలు. లైసెన్సు వస్తే మామూళ్లు వస్తాయన్న మీ భయం నాకూ ఉంది. అయినా రాతపూర్వకంగా రూలు ఉన్నచోట కనీసం వాదించడానికి ఒక కాగితం ఉంటుంది. ఏ రూలూ లేనిచోట ఎవరు వచ్చి ఏం అడిగినా ఇవ్వాల్సిందే, ఇస్తూనే ఉన్నాం. రేపు మన ఊళ్లో ఎవడో ఒకడి చేతిలో ఒక పిల్లాడికి ఏదైనా అయితే సీలు పడేది వాడి ఒక్కడి షాపుకే కాదు. ఇంకోటి, రీల్స్ కోసం వాతలు పెట్టడం ఆపండి. మానని పుండును వీడియో తీసి పెడుతున్నారు, అది చూసి ఇంకో నలుగురు వస్తున్నారు. రూలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు, కనీసం ఆధార్ చూడండి, చెవి తమ్మె చూడండి.

అధికారులకు చివరగా. నా స్టూడియోలో నాలుగేళ్ల ఆటోక్లేవ్ రిజిస్టరు ఉంది, రోజూ ఏ బ్యాచ్ ఎన్ని నిమిషాలు పెట్టానో రాసి. నేను తిప్పి పంపేసినవాళ్ల లెక్క కూడా, పేర్లు లేకుండా, కారణంతో రాసి ఉంచాను. నిబంధనలు రాయడానికి కమిటీ వేస్తే చర్మ వైద్యులను, ఒక లాయరును, మాలాంటివాళ్లను ఇద్దరిని కూర్చోబెట్టండి. కబురు చేస్తే ఆ రెండు రిజిస్టర్లు పట్టుకుని నా ఖర్చుతో నేనే బస్సెక్కి వస్తాను.

ఈ లేఖ నకలు మళ్లీ రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి ఒకే ఒక్క ప్రశ్న వేస్తాను: రసీదు ఇచ్చిన నా మొదటి అర్జీ ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది?

ఇట్లు,
బ్యూటీ పార్లర్ లైసెన్సు మీద నడుస్తున్న ఒక టాటూ కళాకారుడు